మర్యాద తెలిసిన చేతులు

శనివారం పొద్దున మా తుపాకుల దుకాణం తాళం తీస్తుండగానే లోపల గోడ మీది ఫోను మోగింది. షెరీఫ్ ఆఫీసు డిప్యూటీ లైల్ ప్రెవిట్. ఇంత పొద్దున్నే లైల్ ఫోను చేశాడంటే ఎవరో తప్పు చేసి ఉండాలి, లేదా చేయబోతూ ఉండాలి.

"ట్విలా, కాఫీ తర్వాత తాగుదువుగాని, ముందు విను," అన్నాడు. "పక్క జిల్లాలో మెర్ల్ హాగెన్ అని ఒకడున్నాడు. పెళ్లాన్ని కొట్టి రెండుసార్లు ఆసుపత్రి పాలు చేశాడు. జడ్జి గారు ఇంట్లో ఉన్న తుపాకులన్నీ అప్పగించమన్నారు. మొత్తం పదకొండు. నోరెత్తకుండా తెచ్చి అప్పగించాడు."

"మంచిదేగా?"

"ఆమె మన ఊరొచ్చి తలదాచుకుంది. ఎక్కడో నీకు కూడా చెప్పను. నిన్న వాడు తమ్ముడి దగ్గర, 'పాతదైనా సరే, ఒకటి సంపాదిస్తా' అన్నాడట. ఆ తమ్ముడే భయపడి మాకు చెప్పాడు."

అంతకంటే వివరంగా చెప్పాల్సిన పని లేదు. మామూలు తుపాకీ కొనాలంటే ఫారం నింపాలి. నేను నేర చరిత్ర చూసే ఆఫీసుకు ఫోను చేసి పేరు చదవాలి, అవతలివాళ్లు సరే అనాలి. హాగెన్ పేరు చదివితే అరనిమిషంలో వద్దంటారు. కానీ పద్దెనిమిది వందల తొంభై ఎనిమిదిలోనో అంతకు ముందో తయారైన తుపాకీకి ఫారమూ లేదు, ఫోనూ లేదు. చట్టం లెక్కలో అది పాత గోడ గడియారంతో సమానం. మా కౌంటర్ చివర అద్దాల పెట్టెలో అలాంటివి పద్నాలుగు ఉన్నాయి.

"మనిషి ఎలా ఉంటాడు?"

"యాభై దాటాయి. మామూలు ఎత్తు. గడ్డం."

"ఈ జిల్లాలో సగం మంది మగాళ్లు అలాగే ఉంటారు కదయ్యా."

"నాకు గడ్డం సరిగా రాదని ఎగతాళా? ఫొటో ఉంది, తెచ్చి చూపిస్తాను. కానీ వంతెన మీద గడ్డి లారీ బోల్తాపడింది, ఇప్పుడే రాలేను. చూడు ట్విలా, పాతదీ కొత్తదీ ఏదీ ముట్టుకోకూడదని జడ్జి ఆర్డరులో ఉంది. కానీ ఆ ఆర్డరు వచ్చి నీ కౌంటర్ ముందు నిలబడదు. అక్కడ ఉండేది నువ్వే."

ఫోను పెట్టేసి హోబర్ట్‌కు విషయం చెప్పాను. హోబర్ట్ మా నాన్న స్నేహితుడు. డెబ్బై ఎనిమిదేళ్లు. రోజూ వచ్చి కాఫీ పాత్ర పక్కన స్టూలు మీద కూర్చుంటాడు. ఏదీ కొనడు, వచ్చినవాళ్లందరికీ వంకలు మాత్రం పెడతాడు.

"రానీ, నేను పట్టేస్తాను. చేతులు చూస్తే చాలదూ? పెళ్లాన్ని కొట్టేవాడికి తుపాకీ పట్టుకునే పద్ధతి ఎక్కడేడుస్తుంది?" అన్నాడు.

నేనూ అదే అనుకున్నాను. ఇరవై రెండేళ్లుగా ఈ కౌంటర్ వెనక నిలబడి మనుషులను వాళ్ల చేతులను బట్టే లెక్కగడుతున్నాను.

తొమ్మిదిన్నరకు మొదటి మనిషి వచ్చాడు. ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా, నున్నగా గీసుకున్న మొహం, సబ్బు వాసన. తలుపు దాటగానే టోపీ తీశాడు. గడ్డం లేదు గనక నా గుండె కాస్త కుదుటపడింది. అయినా కళ్లు అతని మీదే ఉంచాను. ఆ పూట ఎవరు వచ్చినా అలాగే చూసేదాన్నేమో.

అతను సరాసరి చివరి పెట్టె దగ్గరికి నడిచాడు. అద్దం మీద మోచేతులు ఆనించలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, నడుం వంచి ఒక్కొక్కటే చూశాడు.

"ఆ మూడోది చూడొచ్చా మేడమ్? మీకు వీలైనప్పుడే."

అది పాత ముప్ఫై ఎనిమిది రివాల్వర్. గొళ్లెం ఎత్తితే నడుం దగ్గర మడిచినట్టు తెరుచుకునే రకం. నేను తీసి, తెరిచి, తూటాలు పెట్టే ఐదు గదులూ ఖాళీ అని చూపించి, పచ్చ గుడ్డ మీద మూతి గోడవైపు ఉండేలా పెట్టాను. అతను ముందు వేలి ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు, ఇనుము మీద గీత పడకుండా. నేను చూపించినా తను మళ్లీ ఐదు గదుల్లోకీ చూశాడు. చెక్క పిడి దగ్గరే పట్టుకున్నాడు. ఉక్కుకు వేలు తగలనివ్వలేదు, చెమటకు తుప్పు పడుతుందని. మూసేటప్పుడు కుర్రకారులా మణికట్టు విదిలించలేదు, రెండు చేతులతో మెల్లగా మూశాడు.

"ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కి చూడొచ్చా? మీకు ఇష్టం లేకపోతే వద్దులెండి."

"చూడండి."

మూతిని ఇసుక బకెట్‌వైపు పెట్టి, తూటాను కొట్టే వెనక సుత్తిని బొటనవేలితో ఆపుకుంటూ నెమ్మదిగా దించాడు. తర్వాత మళ్లీ తెరిచి, పిడి నావైపు ఉండేలా తిప్పి గుడ్డ మీద పెట్టాడు. తన చేతిరుమాలుతో ఒకసారి తుడిచాడు కూడా.

స్టూలు మీంచి హోబర్ట్ గొంతు సవరించుకున్నాడు. "చూశావా ట్విలా? ఈయన్ని పెంచిన తల్లి ఎవరో గానీ, పిలిచి భోజనం పెట్టాలి."

ఆ మనిషి చిన్నగా నవ్వాడు. "మా నాన్న నేర్పాడండీ. తప్పు చేస్తే వేళ్ల మీద బెత్తంతో కొట్టేవాడు."

"బెత్తం మానేశాకే దేశం పాడైంది," అన్నాడు హోబర్ట్.

"దీనికి తూటాలు దొరుకుతాయా మేడమ్?"

"నా దగ్గర లేవు. తెప్పించాలి, నెల పడుతుంది."

"నెలా..." అంటూ గొట్టాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. తూటాల చక్రం వదులుగా ఉందేమో కదిపి చూశాడు. ఏ సంవత్సరంలో చేశారు, భాగాల మీది నంబర్లు అన్నీ ఒకటేనా అని అడగలేదు. పాతవి పోగుచేసేవాళ్లు ముందు అడిగేది అదే. నాకు తట్టకపోలేదు. మనిషి మర్యాదస్తుడు, మొహమాటపడుతున్నాడేమో అనుకున్నాను.

అప్పుడే తలుపు ధడేల్మంది.

వచ్చినవాడికి యాభై దాటాయి. మామూలు ఎత్తు. దట్టమైన గడ్డం. చంకలో కిరాణా దుకాణం కాగితపు సంచి. లోపలికి రాగానే వెనక్కి తిరిగి వీధిలోకి చూశాడు. మరో రెండు అడుగులు వేసి మళ్లీ చూశాడు. హోబర్ట్ కప్పు దించాడు.

"పాత పిస్తోళ్లు చూసేది మీరేనాండీ?" అంటూ సంచిలో చెయ్యి పెట్టి ఒక రివాల్వర్ బయటికి లాగాడు. వేలు ట్రిగ్గర్ మీద ఉంది. మూతి కిటికీ మీదుగా, నా మీదుగా తిరిగి హోబర్ట్ పొట్ట దగ్గర ఆగింది.

"ఏమయ్యా! మూతి నేలకు! నేలకు దించు!"

డెబ్బై ఎనిమిదేళ్ల హోబర్ట్ చేపల గేలాల స్టాండు వెనక్కి ఎలా చేరాడో నేను చూడలేదు గానీ, అక్కడి నుంచి తిట్లు మాత్రం వినిపించాయి.

"ఖాళీదే మేడమ్! ఖాళీదే! ఎందుకు అంత అరుస్తారు?"

"నీలాగే ఖాళీదే అన్నవాడొకడు ఆ పైకప్పుకు చిల్లు పెట్టి పోయాడు, చూడు. ఇలా ఇవ్వు."

లాక్కుని గొళ్లెం ఎత్తాను. అదీ అదే రకం, ఈ జిల్లాలో ప్రతి ఇంటి అటక మీదా ఒకటి పడి ఉంటుంది. ఈ రకంలో ఒక సుగుణం ఉంది. తెరవగానే మధ్యలో పువ్వులాంటి ముక్క పైకి లేచి, లోపల ఉన్న వాటిని బయటికి తన్నేస్తుంది. ఐదు తూటాలు ఎగిరి గుడ్డ మీద పడ్డాయి.

గడ్డం మనిషి నోరు తెరిచాడు. పైవరసలో ఒక పన్ను లేదు. "అమ్మ బాబోయ్. కారులో ఒళ్లో పెట్టుకుని వచ్చానండీ."

"దేవుడికి నీమీద జాలి ఎక్కువ," అన్నాడు హోబర్ట్, స్టాండు వెనకనుంచి. "నాకు లేదు."

తూటాలు ఏరి ఇనప గిన్నెలో వేసి కౌంటర్ మీద పెట్టాను. ఖాకీ చొక్కా మనిషి మర్యాదగా ఒక అడుగు పక్కకు జరిగాడు. "ముందు ఆయన పని చూడండి మేడమ్. నాకేం తొందర లేదు."

మా దుకాణంలో ఒక నియమం ఉంది, మా నాన్న పెట్టింది. ఇంకో మనిషితో మాట్లాడాలంటే బయట ఉన్న తుపాకీ పెట్టెలోకి వెళ్లాలి, తాళం పడాలి. ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. ఆరోజు తప్పాను. అంత పద్ధతిగా పట్టుకున్న మనిషి ముందునుంచి లాగేసుకుంటే అవమానించినట్టు ఉంటుందనిపించి, ఆ రివాల్వర్‌ను గుడ్డ మీద తెరిచే ఉంచి గడ్డం మనిషివైపు తిరిగాను.

"నీ పేరేంటి?"

"ఎల్రాయ్."

"ఎల్రాయ్ ఏంటి?"

"ఎల్రాయ్ అంతేనండీ. పేర్లూ అవీ రాసుకోరు కదా? పాతది కదా, కాగితాలు అక్కర్లేదన్నారు."

"ఎవరన్నారు?"

"అందరూ అంటారు." మళ్లీ వీధిలోకి చూశాడు. "మేడమ్, ఒక్క మాట. ఈ సంగతి మా ఆవిడకు తెలియకూడదు."

హోబర్ట్, నేను మొహాలు చూసుకున్నాం. "నంబరు చూసి చెప్పాలి. ఇక్కడే ఉండు," అని అతని రివాల్వర్‌ను తెరిచి ఉన్నట్టే తీసుకుని వెనక గుమ్మం దగ్గర ఫోను వైపు నడిచాను. ఆరు అడుగుల దూరం. హోబర్ట్‌కు కళ్లతో సైగ చేశాను. గడ్డం వాడి మీద నుంచి చూపు తిప్పకు అని. హోబర్ట్ తిప్పలేదు. నేనూ తిప్పలేదు. మేమిద్దరం ఎల్రాయ్‌నే చూస్తూ ఉన్నాం.

షెరీఫ్ ఆఫీసువాళ్లు లైల్‌కు కలిపారు. గొంతు తగ్గించి చెప్పాను. "వచ్చాడు. గడ్డం ఉంది. పేరు పూర్తిగా చెప్పడు. వీధిలోకి చూస్తున్నాడు. పెళ్లానికి తెలియకూడదంటాడు."

"పైన ఒక పన్ను లేదా?"

"లేదు."

లైల్ నవ్వాడు. "వాడు ఎల్రాయ్ పీబాడీ. స్కూలు బస్సు నడుపుతాడు, జూన్‌లో వచ్చాడు. ఆవిడ అటక మీది సామాను పారేయమంటే తెచ్చి అమ్ముకుంటున్నట్టున్నాడు. వాళ్లావిడంటే వాడికే వణుకు."

"తూటాలున్న తుపాకీని హోబర్ట్ పొట్టకు గురిపెట్టాడు లైల్! పట్టుకోవడం కూడా రాదు."

"అయితే ఎటు చూసినా వాడు హాగెన్ కాదు. హాగెన్ పదిహేనేళ్లు వాళ్ల ఊళ్లో పిల్లలకు వేట పాఠాలు చెప్పాడు. తుపాకీ ఎలా పట్టుకోవాలి, ఎలా అందించాలి, అన్నీ. వాడంత పద్ధతిగా పట్టుకునేవాడు మూడు జిల్లాల్లో లేడంటారు."

నేను మెల్లగా తల తిప్పాను.

కిటికీ వెలుతురు ఖాకీ చొక్కా మనిషి మొహం మీద పడుతోంది. నుదురు, బుగ్గలు వేసవి ఎండకు ఎర్రగా కమిలి ఉన్నాయి. దవడలు, గడ్డం కింద మాత్రం తెల్లగా, గాజుగుడ్డ విప్పిన చోటులా ఉంది. అక్కడ వెంట్రుకలు గీసి ఒకటి రెండు రోజులకు మించి ఉండదు.

పదకొండు తుపాకులు ఉన్నవాడికి తుపాకీ పట్టుకోవడం రాకుండా ఎలా ఉంటుంది? పొద్దుటినుంచి నేను వెతికింది తప్పుగా పట్టుకునే చేతుల కోసం.

గిన్నెలోకి చూశాను. నాలుగు తూటాలున్నాయి.

గుడ్డ మీద నేను తెరిచి ఉంచిన రివాల్వర్ ఇప్పుడు మూసి ఉంది. దాని పిడి మీద అతని కుడి చెయ్యి వాలి ఉంది, తేలిగ్గా, నిద్రపోతున్న పిల్లి వీపు మీద వేసినట్టు. మూతి ఇంకా గోడవైపే ఉంది. ఆ స్థితిలోనూ.

"లైల్, వచ్చెయ్," అని ఫోను పెట్టేశాను.

నా నడుముకు పిస్తోలు ఉంది. తీయాలంటే తీయగలను. కానీ నాకూ అతనికీ మధ్య ఎల్రాయ్, అతని వెనకే హోబర్ట్. అరిస్తే ఏమవుతుందో తెలుసు. అరవకుండా ఊరుకుంటే అతను టోపీ పెట్టుకుని తలుపు తీసుకుని వెళ్లిపోతాడు. ఈ ఊళ్లో ఏ వీధిలోనో ఒకావిడ శనివారం పూట బట్టలు ఆరేసుకుంటూ ఉంటుంది. ఆమెకూ అతనికీ మధ్య ఉన్నది ఈ ఆరు అడుగులు, నేను.

నడిచాను. రోజూ నడిచినట్టే.

"నంబరు చూశానయ్యా ఎల్రాయ్, దొంగ సొత్తేమీ కాదు," అన్నాను. అతని రివాల్వర్ తెరిచే ఉంది, దాన్ని గుడ్డ మీద పిడి నావైపు ఉండేలా పడుకోబెట్టాను. నూనె గుడ్డ తీసి తుడవడం మొదలుపెట్టాను. తుడుస్తూనే, తల ఎత్తకుండా, ఎడమ అరచేతిని ఖాకీ చొక్కా మనిషి ముందు చాపాను. ఇరవై రెండేళ్లలో కొన్ని వేలసార్లు అన్న మాటే అన్నాను.

"మీది కూడా ఇలా ఇవ్వండి. తుడిచి పెట్టేస్తాను."

అడిగితే ఇవ్వాలి. ఇచ్చేముందు తెరవాలి. ఈ రెండూ అతను ఆలోచించి చేసే పనులు కావు. చిన్నతనంలో బెత్తం దెబ్బలతో వేళ్లలోకి ఎక్కినవి, ఆ తర్వాత పదిహేనేళ్లు తనే పిల్లల వేళ్లలోకి ఎక్కించినవి. అతని మొహంలో ఏ మార్పూ రాకముందే బొటనవేలు కదిలింది. గొళ్లెం పైకి లేచింది. రివాల్వర్ నడుం దగ్గర మడతపడింది.

ఒక తూటా టప్పున ఎగిరి గుడ్డ మీద పడి, దొర్లుకుంటూ వెళ్లి ఎల్రాయ్ కాగితపు సంచికి తగిలి ఆగింది.

నలుగురం దాన్నే చూశాం.

నేను రివాల్వర్ గొట్టం పట్టుకుని నా వైపు లాగేసుకున్నాను. కుడి చెయ్యి నడుం మీదికి వెళ్లింది. అతను పట్టు బిగించలేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి. నేను భయపడినట్టు కోపంతో కాదు. మనిషి నిజంగా సిగ్గుపడుతున్నాడు.

"క్షమించండి మేడమ్," అన్నాడు. "తూటా ఉన్నదాన్ని ఎదుటివాళ్ల చేతికివ్వడం... మొదటి రోజు పాఠం అదే. ఎప్పుడూ ఇలా చేయలేదు నేను."

రివాల్వర్‌ను కౌంటర్ కిందికి జార్చాను, నడుం మీది చెయ్యి తీయలేదు.

అతను జేబులోంచి ఉంగరం తీసి వేలికి పెట్టుకున్నాడు. టోపీ తీసుకుని, హోబర్ట్‌కు తల వంచి, తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్లిపోయాడు. నేను పరుగున వెళ్లి గడియ వేశాను.

"ఆ తూటా నాదేనండీ," అన్నాడు ఎల్రాయ్, సంచి పక్కనున్న దాన్ని చూపిస్తూ. "ఆయన చేతిలో తుపాకీలోకి ఎలా వెళ్లింది?"

"నువ్వు నోరు మూసుకుని ఆ కుర్చీలో కూర్చో బాబూ," అన్నాడు హోబర్ట్. "నాకు కూడా కాస్త జాగా ఇవ్వు."

లైల్‌కు వేటాడాల్సిన పని పడలేదు. వంతెన దగ్గర లారీ వల్ల ఆగిన వాహనాల వరసలో, ఐదో బండిలో కూర్చుని ఉన్నాడట హాగెన్. హారన్ కొట్టకుండా, ముందు బండికి చోటు వదిలి. అతని పక్క సీటు మీద ఒక కాగితం ఉంది. దాని మీద పెన్సిలుతో గీసిన మూడు వీధులు, ఒక ఇంటి గుర్తు. వాడి పెళ్లాం తలదాచుకున్న ఇల్లు అదేనని లైల్ తర్వాత చెప్పాడు.

సోమవారం మధ్యాహ్నం ఒకావిడ దుకాణం గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు. అద్దాల పెట్టెలవైపు చూడకుండా నావైపే చూసింది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర కాస్త వంకరగా అతుక్కుని ఉంది. ఎవరో చెప్పక్కర్లేదు. నేనే బయటికి వెళ్లాను.

"మీరేనా ట్విలా? నా పేరు జనీన్."

"లోపల కూర్చుంటారా?"

"వద్దండీ. ఒక్కటి అడిగి వెళ్తాను. మీ దగ్గర దొరికిపోయినప్పుడు ఏమైనా అన్నాడా?"

"క్షమించమన్నాడు."

ఆమె తల ఊపింది. ఆశ్చర్యపోలేదు. "అంటాడు. ప్రతిసారీ అనేవాడు."

వీధిలో ఒక వ్యాను నెమ్మదిగా వెళ్తుంటే మాట ఆపింది. అది మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు అడిగింది. "ఎన్నాళ్లు ఉంచుతారట?"

"ఇరవయ్యో తారీఖున మళ్లీ జడ్జి ముందుకు తెస్తారు. అప్పటిదాకా లోపలే అన్నాడు లైల్."

"ఇరవై," అంది తనలో తను. "అంటే పదకొండు రోజులు."

కారు దగ్గరికి వెళ్లి, అద్దంలోంచి వెనక సీటులోకి వంగి చూసి, ఆ తర్వాతే తలుపు తీసింది.